బుడిపెను చూసి కందిరీగను పోల్చుకోవడం ఎందుకంత కష్టం?

మూలికల కొట్లో మాచికాయ అడిగితే గోలీ సైజులో, అక్కడక్కడా మొటిమలు తేలిన గట్టి ఉండ ఒకటి చేతిలో పెడతారు. పేరులో కాయ ఉంది కానీ అది కాయ కాదు. పశ్చిమాసియా ఓక్ చెట్టు మీద ఒక చిన్న కందిరీగ గుడ్డు పెడితే, లోపలి పిల్లపురుగు చుట్టూ చెట్టు తన కణజాలంతోనే కట్టిన గూడు, అంటే బుడిపె. తిప్పి చూడండి, చాలావాటికి గుండుసూది తలంత గుండ్రటి కన్నం ఉంటుంది. లోపల పెరిగిన ఆ కందిరీగ (ఇకపై ఈగ అనే అందాం) బయటపడిన దారి అది.

ఈ సంగతి తేలడానికే చాలా కాలం పట్టింది. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుట్టవని 1668లో నిరూపించిన ఫ్రాంచెస్కో రెడీ కూడా, బుడిపెలోని పురుగును మాత్రం చెట్టే పుట్టిస్తుందని నమ్మాడు. 1679లో మార్సెల్లో మాల్పీగీ బుడిపెలను కోసి పరిశీలించి, మూలం ఈగ పెట్టిన గుడ్డేనని తేల్చాడు.

అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. యూరప్ ఓక్ ఆకుల అడుగున శరదృతువులో చిన్న చిన్న బిళ్లలు వస్తాయి. నేల మీదకు రాలి, చలికాలమంతా అక్కడే ఉంటాయి. వసంతంలో వాటిలోంచి వచ్చేవన్నీ ఆడవే. మగదానితో పనిలేకుండానే పూగుత్తుల్లో, లేత ఆకుల్లో గుడ్లు పెడతాయి. ఈసారి ఏర్పడేవి బిళ్లలు కావు, ఎర్రటి ద్రాక్షపండ్ల లాంటి గుండ్రటి బుడిపెలు! వాటిలోంచి ఆడా మగా రెండూ వస్తాయి. ఈ రెండు తరాల ఈగలనూ వేర్వేరు జాతులుగా లెక్కేసి వేర్వేరు పేర్లు పెట్టేశారు. జర్మనీ వైద్యుడు హెర్మన్ ఆడ్లర్ ఓపికగా వాటిని పెంచి చూసి, రెండూ ఒకే ఈగ అని 1881లో వివరంగా ప్రచురించాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ ఓపికే.

బుడిపెను సీసాలో పెట్టి, బయటికొచ్చిన ఈగను పట్టుకుంటే సరిపోతుందా అంటే, అదీ కుదరదు. లోపల అద్దెకు చేరిన ఈగలుంటాయి, అసలుదాన్ని తినేసి బయటికొచ్చే పరాన్నజీవులుంటాయి.

ఒక్కోసారి రెండో తరం వేరే చెట్టు మీదే ఉంటుంది. 1970లలో బ్రిటన్‌లో ఓక్ కాయలు వంకర్లు తిరిగి, జిగట బుడిపెలుగా మారుతుంటే చాలామందికి టెన్షన్ పట్టుకుంది. ఆ బుడిపెలకు కారణమైన ఈగ రెండో తరం పెరిగేది, 18వ శతాబ్దంలో బయటి నుంచి తెచ్చి నాటిన టర్కీ ఓక్ పూగుత్తుల్లో.

ఇప్పటికీ చాలా జాతుల్లో ఒక్క తరమే తెలుసు. జత తరాన్ని డీఎన్‌ఏ పోల్చి వెతుకుతున్నారు. అందుకే బుడిపె ఫోటో ఒక్కటే చాలదు. ఏ రకం ఓక్, ఆకా మొగ్గా కాయా, ఏ నెల అన్నది కూడా పక్కనే రాసి ఉండాలి.