విప్పితే పోయే చరిత్ర

అల్లికల చరిత్ర రాసేవాళ్ళకు బట్టల పురుగు కన్నా పెద్ద శత్రువు ఒకరున్నారు: పొదుపు తెలిసిన ఇల్లాలు. చీర చిరిగితే బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. ఎన్ని అవతారాలెత్తినా అందులో పడుగూ పేకా అలాగే ఉంటాయి. స్వెటర్ సంగతి వేరు. పిల్లాడికి పొట్టిదైపోగానే కొస దొరకబుచ్చుకుని లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. ఆ వంకర్ల ఊలును చిలపలు చుట్టి, వేడినీళ్ళలో ముంచి ఆరేస్తే సాపవుతుంది. వచ్చే చలికాలానికి అదే ఊలు చెల్లెలి ఒంటిమీద ఉంటుంది. సికింద్రాబాద్ ఇళ్ళల్లో ఒక తరం కిందటి దాకా ఇది మామూలు పనే. కుండ పగిలితే పెంకైనా మిగులుతుంది. విప్పిన స్వెటర్‌కు ఆనవాలే ఉండదు.

కాబట్టి వందల ఏళ్ళనాటి అల్లిక ఏదైనా మన కంటపడిందంటే, దాని వెనుక ఏదో ఒక అనర్థం జరిగి ఉంటుంది. ఓడ మునిగో, మనిషి బురదలో పడి చనిపోయో, రాణిని తొడిగిన మేజోళ్ళతోనే సమాధి చేసో ఉంటారు. పడిన చోటును బట్టి ఏది మిగలాలో రసాయనశాస్త్రం నిర్ణయిస్తుంది. ఊలు కెరటిన్ అనే ప్రోటీను. మన జుట్టూ గోళ్ళూ కూడా అదే. నూలు, అవిసెనార మాత్రం సెల్యులోజు. ఆమ్లగుణం ఉన్న చిత్తడి నేలలో సెల్యులోజు చివికిపోతుంది, ఊలు నిలుస్తుంది. క్షారం తగిలితే దెబ్బ ఊలుకే. ఊలు బట్టలకు బట్టల సోడా వాడొద్దనే పెద్దల మాటలో ఉన్న కెమిస్ట్రీ ఇదే. ఎడారి ఇసుకలో తడి లేదు, సూక్ష్మజీవులకు బతుకు లేదు కాబట్టి రెండూ మిగులుతాయి. మన హైదరాబాద్ వానాకాలంలో ముక్కవాసన కొట్టే బీరువా మీద మాత్రం ఏ చరిత్రకారుడూ ఆశలు పెట్టుకోడు.

1951లో స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో, గన్నిస్టర్ దగ్గర, పొయ్యిలోకి పీట్ తవ్వుతున్నవాళ్ళకు ఒక మనిషి బట్టలు దొరికాయి. పీట్ అంటే వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న నాచుమొక్కల పొర, బాగా ఆమ్లగుణం ఉన్నది. మనిషిలో మిగిలింది జుట్టు, గోళ్ళు, కాసిని ఎముక ముక్కలు. బట్టలు మాత్రం దాదాపు నిండుగా ఉన్నాయి: కోటు, లాగు, అల్లిన టోపీలు, చేతి తొడుగులు, అతుకులు వేసిన మేజోళ్ళు, రంగురంగుల అల్లికతో చిన్న డబ్బు సంచి. ఆ సంచిలో కొన్ని విదేశీ నాణేలున్నాయి. వాటి మీద ముద్రించిన సంవత్సరాలు 1680, 1690 ప్రాంతానివి. అల్లికకు ఇంత కచ్చితంగా తేదీ దొరకడం చాలా అరుదు. జుట్టు, గోళ్ళు, ఊలు, మూడూ కెరటినే. అతను లోపల అవిసెనార చొక్కా తొడుక్కుని ఉంటే అది పీట్‌లోనే పోయి ఉంటుంది. కాబట్టి ఆ కాలంలో బీదవాళ్ళు ఒంటినిండా ఊలే కట్టేవారని ఈ ఒక్క మనిషిని చూసి తేల్చేయకూడదు.

ఎడారి సాక్ష్యం చూడాలంటే ఈజిప్టుకు వెళ్ళాలి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని మనలో చాలామంది బడిపిల్లలుగా ఉన్నప్పుడే చూశాం. మమ్మీలకు చుట్టేది అవిసెనారతో నేసిన గుడ్డ. ఆ పొడి నేలలో నేసిన గుడ్డే కాదు, మేజోళ్ళు కూడా మిగిలాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎర్రటి ఊలు మేజోళ్ళ జత ఒకటుంది. నైలు నది దగ్గరి ఆక్సిరింకస్ శ్మశానాల్లో దొరికిన ఈ జత క్రీ.శ. 250–420 మధ్యకాలానిది. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్ళు ఒకవైపు పట్టేలా ముందుభాగం చీలి ఉంటుంది, చెప్పుల్లో తొడుక్కోవడానికి. డిసెంబరులో స్కూటీ మీద వెళ్ళే మన అమ్మాయిలు చెప్పుల్లోకి వేసుకునే సాక్సులు అచ్చం ఇలాగే ఉంటాయి.

ఇలాంటిదే, చారలున్న చిన్నపిల్లల మేజోడు ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎడమకాలిది, సుమారు 300 నాటిది. 2018లో దాన్ని అతినీలలోహిత, పరారుణ కాంతుల్లో కూడా ఫొటోలు తీసి, ఒక్క పోగైనా కత్తిరించకుండా రంగుల గుట్టు పట్టుకున్నారు. అన్ని చారలకూ మూలం మూడే మొక్కలు: ఎరుపుకు మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మాడర్, నీలానికి వోడ్, పసుపుకు వెల్డ్. ఒక రంగులో ముంచినదాన్ని ఇంకో రంగులో ముంచి కొత్త రంగులు రాబట్టారు.

కానీ ఈ మేజోళ్ళు రెండు సూదుల అల్లికవి కావు. చూడ్డానికి అలాగే ఉంటాయి, అదే చిక్కు. రెండు సూదుల అల్లికలో పోగు ఉండ నుంచి తెగకుండా వస్తూనే ఉంటుంది. ఉన్న ఉచ్చులోంచి కొత్త ఉచ్చును లాగుతారు. అందుకే చివర వదిలేస్తే అంతా ఊడుతుంది. ఆ ఈజిప్టు మేజోళ్ళను నోల్‌బైండింగ్ అనే పద్ధతిలో చేశారు. కన్నమున్న ఒంటి సూదిలోకి జానెడో మూరెడో పోగు ఎక్కించి, ప్రతి ఉచ్చులోంచీ మొత్తం పోగును బయటికి లాగాలి. పోగు అయిపోతే ఇంకోటి అతకాలి. పని నెమ్మది, కానీ లాగితే ఊడదు. ఈ పద్ధతిలో ఒక రకం కుట్టు రెండు సూదులతో వేసిన మెలికకుట్టుకు కవల. సిరియాలోని దూరా యూరోపస్ నగరం 256 ప్రాంతంలో పతనమైంది. అక్కడ దొరికిన ముక్కలను 1945 నాటి తవ్వకాల నివేదిక రెండు సూదుల అల్లికగానే లెక్కగట్టింది. 1972లో టొరంటో మ్యూజియం నిపుణురాలు డొరోతీ బర్నమ్ ఈజిప్టు మేజోళ్ళను పరిశీలించి, ఇవి ఒంటి సూది పనేనని వివరించారు. ఆ తర్వాత దూరా ముక్కల మీద అభిప్రాయమూ మారింది. ఇలాంటి తేడా పట్టాలంటే ముందువైపు అందం చూసి లాభం లేదు. తిరగేసి, పోగు అతుకులు ఎంతెంత దూరంలో ఉన్నాయో, బొటనవేలి కొన ఎలా మొదలైందో, మడమ దగ్గర కుట్లు ఎలా పెంచారో చూడాలి. నా మటుకు నాకు ఈ విద్యలో అసలు రుచి అక్కడే.

నిజమైన రెండు సూదుల అల్లికకు మనకు దొరికిన పాత సాక్ష్యాలూ ఈజిప్టువే, కాకపోతే ఏడెనిమిది వందల ఏళ్ళ తర్వాతివి. 11వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం మధ్యలో అల్లిన నూలు మేజోళ్ళు, తెలుపు మీద నీలిమందు రంగు బొమ్మలు. వేళ్ళ కొన దగ్గర మొదలుపెట్టి పైకి అల్లారు. ఇంత చక్కటి పని ఎవరూ తొలి ప్రయత్నంలో చేయరు. అంతకు ముందు ఎన్నో తరాల మేజోళ్ళు అరిగి చిరిగి పోయి ఉండాలి. స్పెయిన్‌లోని బుర్గోస్‌లో, 1275లో చనిపోయిన రాకుమారుడు ఫెర్నాండో సమాధిలో ఒక పట్టు దిండు దొరికింది. అంగుళానికి సుమారు 20 కుట్లు, అంచున అరబ్బీ అక్షరాలు. క్రైస్తవ రాకుమారుడి తల కింద ముస్లిం కళాకారుల పనితనం!

ఇప్పుడు అల్లేవాళ్ళకు వింతగా అనిపించే విషయం ఒకటుంది. సీదా (కొత్త ఉచ్చును మనవైపుకు లాగేది), ఉల్టా (వెనక్కి లాగేది) అని రెండు కుట్లు లేకుండా మనకు పని మొదలే కాదు. పాత వస్తువుల్లో ఉల్టా చాలాకాలం కనబడదు. కారణం తేలికే: మేజోళ్ళను నాలుగైదు సూదుల మీద (ఒకేసారి పనిచేసేవి రెండే) గుండ్రంగా అల్లేవాళ్ళు, ఎప్పుడూ ముందువైపే ఎదురుగా ఉంటుంది కాబట్టి సీదా ఒక్కటే చాలు. సుమారు 1400లో జర్మన్ చిత్రకారుడు బెర్ట్రామ్ వేసిన బొమ్మలో మేరీమాత కుట్టులేని అంగీని నాలుగు సూదులతో అలాగే అల్లుతూ కనిపిస్తుంది. 1562లో చనిపోయిన ఫ్లోరెన్స్ డ్యూక్ భార్య ఎలెనోరా సమాధిలోని ఎర్ర పట్టు మేజోళ్ళలో ఉల్టా స్పష్టంగా ఉంది. ఆ కుట్టుకు దొరికిన తొలి సాక్ష్యాల్లో అదొకటి.

ఉల్టా రావడం ఒట్టి అలంకారం కాదు. అల్లిక సాగేది పోగు సాగడం వల్ల కాదు, ఉచ్చులు వంగి, సాపై, పక్కకు జరగడం వల్ల. అన్నీ సీదాలైతే గుడ్డ అంచులు చుట్టుకుపోతాయి. సీదా వరస పక్కన ఉల్టా వరస నిలబెడితే ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ముడుచుకుని, అడ్డంగా లాగినప్పుడు ఎంతో సాగుతుంది; స్వెటర్ మణికట్టు పట్టీ అదే. 2024లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిసబెట్టా మత్సుమోతో బృందం నాలుగు మామూలు అల్లికలను లాగి, కంప్యూటర్‌లో నమూనా కట్టి, ఈ రెండు కుట్ల అమరికను బట్టే గుడ్డ సాగుడు ఎలా మారుతుందో లెక్కగట్టింది. పోగు ఒకటే, అమరిక మారితే గుణం మారుతుంది.

ఇక రాసిపెట్టిన ప్యాటర్న్‌ల సంగతి. ఇంగ్లీషులో మేజోళ్ళ అల్లిక సూచనలు 1655లో లండన్‌లో అచ్చయిన ఒక గృహవైద్యం పుస్తకంలో, మందుల తయారీ మధ్యన కనిపిస్తాయి. పని వచ్చినవాళ్ళ కోసం రాసినవి అవి. రానివాళ్ళకు ఒక్క ముక్క బోధపడదు. 1840లో ఎడిన్‌బరోలో జేన్ గోగెన్ పుస్తకం వేసేసరికి అచ్చు ప్యాటర్న్‌లకు గిరాకీ పెరిగింది. అయినా ఆ కాలపు ప్యాటర్న్‌లు అంగుళానికి ఎన్ని కుట్లో చెప్పడం అరుదు. అందుకే పాత ప్యాటర్న్ చూసి అల్లేవాళ్ళు మ్యూజియంలోని అసలు వస్తువు మీద కుట్లు లెక్కపెట్టి, ఆ కొలత రాబట్టడానికి సూదుల మీద సూదులు మారుస్తారు.

సూది నంబర్లలోనూ చరిత్ర ఉంది. బ్రిటిష్ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఎందుకంటే అది ఇనుప తీగ లెక్క: అచ్చు కన్నాల్లోంచి ఎన్నిసార్లు లాగితే తీగ అంత సన్నం, అంత పెద్ద నంబరు. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25, 12 నంబరు 2.75. బ్రిటన్ మిల్లీమీటర్లకు మారినా మన ఊలు కొట్లలో ఇప్పటికీ ఈ నంబర్లే నడుస్తాయి. అమెరికా లెక్క తలకిందులు, అక్కడ 10 నంబరంటే 6 మిల్లీమీటర్లు. డల్లాస్ నుంచి అక్క పంపిన ప్యాటర్న్‌లో "10 నంబరు" అని చూసి అమ్మ డబ్బాలోంచి 10 నంబరు సూదులు తీశారనుకోండి, బావ కోసం మొదలైన స్వెటర్ చంటోడికి సరిపోతుంది.