సైటు మట్టి కాలవ పాలు కాకుండా ఆపే సర్వే: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సైట్లలో లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీయడం నా పని. హద్దురాయి పాతే రోజు ఓనరు, ఆయన బావమరిది, పక్క స్థలం వాళ్లు అందరూ వచ్చి నిలబడతారు. వాన నీళ్లు ఎటు పోతాయో, ఎంత మట్టి మోసుకుపోతాయో తేల్చడానికి లెవెల్స్ తీస్తుంటే మాత్రం నాకు తోడుండేది స్టాఫ్ (అంకెలు గీసిన నిలువు కొలకర్ర) పట్టుకునే కుర్రాడొక్కడే. ఈ రెండో సర్వే గురించి నేను తరచూ వినే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: ఇక్కడంతా చదును నేల, మట్టి కోత కొండ ప్రాంతాల గొడవ.

చదును నేలలోనే సర్వే ఇంకా సన్నంగా చేయాలి. డెల్టాలో 5 ఎకరాల సైటు తీసుకోండి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి సుమారు 140 మీటర్లు. వాటం 500కి 1, అంటే 500 మీటర్లకి మీటరు దిగుడు, ఉంటే ఆ చివరికి పల్లం 28 సెంటీమీటర్లే. మీటరు ఎత్తుకో కంటూరు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) గీస్తే షీటు మీద ఒక్క గీత కూడా పడకపోవచ్చు. "ఇదేం ప్లానయ్యా, తెల్లకాగితం ఇచ్చావు" అని ఒకాయన నన్ను నిలదీశాడు కూడా. అందుకే 10 మీటర్లకో పాయింటు తీసి, కంటూర్లు ఇంకా దగ్గర దగ్గరగా గీస్తాను. నీళ్ల దారి అప్పుడు బయటపడుతుంది.

నేల చదునే కావచ్చు, మనం చేసే పని చదును కాదు. సెల్లార్ తవ్విన మట్టిని సైడు కాలవ పక్కనే 4 మీటర్ల ఎత్తున పోస్తే అది మనం పెట్టుకున్న కొండే. పైన గడ్డిపోచ ఉండదు, లోపల బిగువుండదు. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 8. ఆ కుప్ప మీద పడ్డ నీళ్లు ఊరికే దిగవు.

ఇక గుణదల, మొగల్రాజపురం, మంగళగిరి వైపు నిజం కొండలే ఉన్నాయి. అక్కడ కొలత హద్దు దగ్గర ఆగకూడదు. స్థలం 40 సెంట్లే అయినా, పైన 3 ఎకరాల వాలు మీద పడ్డ నీళ్లు అందులోకే దిగొచ్చు. హద్దు దాటి పైకి స్టాఫ్ తీసుకెళ్తే "బిల్లు పెంచడానికా?" అంటారు. పైనుంచి వచ్చే నీటిని తవ్వకానికి ఎగువనే అడ్డుకాలవతో పక్కకు తిప్పకపోతే కింద ఎన్ని ఏర్పాట్లు చేసినా నిలవవు.

అపోహ: చుట్టూ ఆకుపచ్చ పరదా కట్టేస్తే చాలు.

అది దుమ్ముకి, దారిన పోయేవాళ్ల చూపుకి. మట్టి ఆపే పరదా వేరే. దాని కింది అంచు 15 సెంటీమీటర్ల లోతు గాడిలో పాతి, మట్టి కప్పి, కూరి పెట్టాలి. పాతకపోతే నీళ్లు దాని కిందుగా దూరిపోతాయి.

అసలు తప్పు ఎక్కడ వేస్తామన్న దానిలో జరుగుతుంది. మంగళగిరి దగ్గర ఒక లేఅవుట్‌లో మేస్త్రి 60 మీటర్ల పరదాని రోడ్డుకి సమాంతరంగా, దారం కట్టినట్టు వేశాడు. చూడముచ్చటగా ఉంది. ఆటో లెవెల్ (స్టాఫ్ మీద అంకె చదివే దుర్భిణి) పెట్టి చూశాను. ఈ చివర రీడింగ్ 1.245, ఆ చివర 1.690. రీడింగ్ పెరిగిందంటే నేల దిగిందని. దాదాపు 45 సెంటీమీటర్ల పల్లం.

"బాబాయ్, ఇది అడ్డుకట్ట కాదు, కాలవ. నీళ్లన్నీ దీని వెంబడే పరిగెత్తి ఆ మూల తెంపుకుంటాయి" అన్నాను.

"రోడ్డు వంకరగా లేదు కదా బాబూ, ఇదెందుకు వంకరగా వేయాలి?" అన్నాడు.

చివరికి ఒకే లెవెల్ ఉన్న చోట్ల సున్నంతో చుక్కలు పెట్టాం. గీత పాములా మెలికలు తిరిగింది. పరదాని దాని వెంట పాతి, రెండు చివరలూ వాలు పైకి మడిచాం. అమెరికాలో వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది: 100 అడుగుల పరదాకి పావు ఎకరం మీద పడే నీటికి మించి రానివ్వకూడదు. మనకు కాస్త ఇంకా తగ్గించుకుంటేనే మంచిదని నా అభిప్రాయం. మట్టి సగం ఎత్తుకి చేరకముందే ఎత్తిపోయాలి.

అపోహ: పల్లంలో గుంట తవ్వితే బురదంతా అందులో దిగిపోతుంది.

ఏ మట్టి అన్నదాన్ని బట్టి. సన్న ఇసుక రేణువు 10 సెంటీమీటర్ల నీటిలో పది పన్నెండు సెకన్లలో అడుగుకి చేరుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకి అదే దూరం దిగడానికి సుమారు 8 గంటలు. మీటరు లోతంటే మూడు రోజుల పైమాటే. నల్లరేగడి నిండా ఇలాంటి రేణువులే. నమ్మకం లేకపోతే సైటు మట్టి గుప్పెడు వాటర్ బాటిల్లో వేసి, ఊపి, కిటికీలో పెట్టండి. తెల్లారినా టీ రంగులోనే ఉంటుంది. బురద నీళ్లలో పటికో చిల్లగింజో తిప్పే అమ్మమ్మలకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. కానీ మోతాదు లెక్క చూడకుండా గుంటలో పటిక గుమ్మరించకండి, ఆ నీళ్లు పోయేది కాలవలోకే.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనల్లో గుంటకి ఎకరాకు 3,600 ఘనపుటడుగుల లెక్క ఉంది. అంటే ఎకరం మీద దాదాపు అంగుళం వాన. మన ఉరుముల వాన ఒక్కటి ఆ లెక్కని గంటలో దాటగలదు. కాబట్టి రేగడి సైట్లలో గుంట రెండో రక్షణే. ముందు ఎంత తవ్వాలో అంతే తవ్వడం, తెరిచిన నేల మీద గడ్డి పరచడం.

అపోహ: ప్లాటు ఎంత మెరక చేస్తే అంత క్షేమం.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి వచ్చాక ఈ మాట బాగా పెరిగింది. భయం న్యాయమైనదే. కానీ టిప్పర్ల గ్రావెల్ దించేసి అంచులు నిటారుగా వదిలేస్తే, మొదటి వానకే ఆ ఎర్రమట్టి పక్కింటి గుమ్మంలోనూ వీధి కాలవలోనూ ఉంటుంది. కాలవ పూడితే నీళ్లు మళ్లీ మీ వీధిలోనే నిలుస్తాయి. పొరలు పొరలుగా పోసి కూరాలి, అంచుకి మీటరు ఎత్తుకి కనీసం 2 మీటర్లు అడ్డంగా పోయే వాలు ఇవ్వాలి. పోసే ముందే వీధి కాలవ అడుగు లెవెల్ తీయించండి.

అపోహ: డ్రోన్ వచ్చాక స్టాఫ్ దేనికి?

డ్రోన్ ఫొటోలకి గడ్డి కొసలు కనిపిస్తాయి, గడ్డి కింద నేల కాదు. తూము అడుగు అసలే కనిపించదు. పెద్ద సైటుకి బాగుంటుంది, తూము దగ్గర మాత్రం దిగి కొలవాల్సిందే.

అపోహ: ఒకసారి లెవెల్ తీస్తే ఆ సర్వే అయిపోయినట్టే.

ఇది నాకూ ఉండేది. గుంటూరు శివారులో ఒక సైటుకి నవంబరులో ప్రహరీ గోడ అడుగున ఎర్ర రంగుతో బెంచ్ మార్క్ (మిగతా ఎత్తులన్నీ కొలిచే ఆధార గుర్తు) పెట్టాను. మే నెలలో దాన్నే నమ్ముకుని కాలవ తవ్వించాను. ఎండకి రేగడి కుంచించుకుపోయి, లోతు లేని ఆ గోడ 18 మిల్లీమీటర్లు దిగింది. దాన్నుంచి కొలిచి తవ్విన కాలవా అంతే లోతు ఎక్కువైంది. బయటి డ్రెయిన్‌లో కలిసే చివరి 10 మీటర్లకి ఉండాల్సిన వాటం 20 మిల్లీమీటర్లు. మిగిలింది 2. జూన్ వానకి నీళ్లు అక్కడే నిలిచి, గట్టు కోసుకుని రోడ్డెక్కాయి. తప్పు నాదే, తిరిగి తవ్విన ఖర్చులో నా వాటా నేను కట్టుకున్నాను.

ఇప్పుడు పాత కల్వర్టు గోడ మీదో, లోతు పునాది ఉన్న కట్టడం మీదో రెండు మార్కులు చెక్కుతాను. పని మొదలుపెట్టే ప్రతిసారీ ఒకదాన్నుంచి రెండోదానికి చూసుకుంటాను, తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఆ రోజు తవ్వకం లేదు. జేసీబీ దిగాక నేల మారిపోతుంది కాబట్టి జూన్ మొదట్లో ఒకసారి, అక్టోబరు తుపాన్లకి ముందు ఒకసారి లెవెల్స్ మళ్లీ తీస్తాను. పెద్ద వాన పడిన మర్నాడు స్కేలు పట్టుకుని కాలవలోకి దిగుతాను. ఎక్కడ ఎంత పూడిక చేరిందో ప్లాన్ షీటు మీద పెన్సిల్‌తో రాస్తాను. మొన్న మంగళగిరి మేస్త్రి బాబాయ్ నేను వెళ్లేలోపే ఫోన్ చేశాడు: "మూడో గుంజ దగ్గర నాలుగు వేళ్ల మందం ఉంది బాబూ, ఎత్తించేస్తున్నాను."