పార్కింగ్ అంటే పచ్చిక: అంగళ్ల వీధిలో గడ్డిపట్టీ కథ

కారు తలుపు తెరుచుకునే చోట గడ్డి ముందు చస్తుంది. ఉత్తర అమెరికాలో ఏ పాత పేటలోనైనా అంగళ్లుండే వీధికి వెళ్లి చూడండి. రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ నడుమ నాలుగైదు అడుగుల వెడల్పున ఒక పట్టీ ఉంటుంది. పేరుకి పచ్చిక. పార్కింగ్ మీటరు స్తంభం చుట్టూ చేటంత మేర బోడినేల. అక్కణ్ణుంచి అంగడి గుమ్మం వైపు వాలుగా ఓ కాలిదారి. చలికాలంలో దాని మీద రోడ్డు ఊడ్చిన మంచు కుప్పపడుతుంది. అది కరిగాక తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి, ఆ తర్వాత బురద, ఎండలు ముదిరాక ఇటుకలాంటి గట్టి నేల. ఆ బురద బూట్లకి అంటుకుని అంగట్లోకి వస్తుంది. దుకాణదారు పొద్దస్తమానం తుడుచుకుంటూ, ఈ పట్టీ పీకేసి రాళ్లు పరిపించండని నగరపాలికకి అర్జీ పెడతాడు. వెనక వీధి ఇళ్లవాళ్లు ఉన్న కాస్త పచ్చదనమూ పోతోందని అడ్డం తిరుగుతారు. ఈ తగాదా ఏ ఊళ్లో మొదలైనా కొత్తదిలాగే కనిపిస్తుంది. దాని వెనక మాత్రం నూటయాభై ఏళ్ల కథ ఉంది.

ముందు పేరు సంగతి. ఈ పట్టీకి అందరూ ఒప్పుకున్న పేరంటూ లేదు. కెనడాలో చాలాచోట్ల, మిన్నెసోటాలో దీన్ని బులవార్డ్ అంటారు. క్లీవ్‌ల్యాండ్‌లో ట్రీ లాన్, షికాగోలో పార్క్‌వే, సియాటిల్‌లో పార్కింగ్ స్ట్రిప్. ఆక్రన్ వాళ్లయితే ఏకంగా దయ్యం పట్టీ అంటారు. రెండు ట్రాము పట్టాల జంటల మధ్య మిగిలే ఇరుకు జాగాకి అదివరకున్న పేరు అది, తర్వాత గడ్డిపట్టీకి అంటుకుంది. ఎవరిదో తేలని జాగాకి పేరు మాత్రం ఒకటే ఎందుకుంటుంది?

బులవార్డ్ అన్న మాటకి మూలం కోటగోడ. మధ్యయుగపు డచ్చిలో బురుజుని బోల్వెర్క్ అనేవారు. అది ఫ్రెంచిలోకి వెళ్లి బులవార్డ్ అయింది. 1670లో పద్నాలుగో లూయీ పారిస్ చుట్టూ ఉన్న పాత కోటగోడల్ని పడగొట్టించి, ఆ మేర చెట్లు నాటించాడు. గోడ పోయింది, దాని పేరు కింద చెట్ల నీడ మిగిలింది. 1853 నుంచి ఓస్మాన్ అనే ప్రభుత్వాధికారి పారిస్‌ని తిరగరాసినప్పుడు చెట్లవరసలున్న వెడల్పాటి రోడ్డుకి ఆ పేరు స్థిరపడింది. అట్లాంటిక్ దాటాక చిత్రం జరిగింది. కొన్నిచోట్ల రోడ్డంతటికీ పెట్టిన పేరు కుంచించుకుపోయి, అంచున ఉన్న గడ్డికి మాత్రమే మిగిలింది.

ఇంకా పెద్ద తమాషా పార్కింగ్ అన్న మాటలో ఉంది. వాషింగ్టన్ నగరంలో వీధులు మరీ వెడల్పు. అంత మేరా రాళ్లు పరచడానికి డబ్బు చాలదు. అందుకని 1870లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసి, వీధి వెడల్పులో కొంత భాగాన్ని పార్కులా మార్చుకునే వీలిచ్చింది. దానికి పార్కింగ్ చట్టం అని పేరు. మరుసటేడు చెట్లు నాటే పని చూడ్డానికి వేసిన సంఘం పేరు పార్కింగ్ కమిషన్. అంటే ఆ రోజుల్లో పార్కింగ్ అంటే గడ్డీ చెట్లూ పెంచడం. కారన్నది ఇంకా పుట్టనే లేదు. సియాటిల్ వాళ్ల పార్కింగ్ స్ట్రిప్‌లో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికుంది. పచ్చికకి పెట్టిన పేరునే కారు ఎత్తుకుపోయింది. జాగా కూడా దాని వెంటే పోవడంలో వింతేముంది!

అప్పటి పట్టీకి పని ఉండేది. గుర్రపు బళ్ల వీధిలో పేడ, బురద, దుమ్ము. నడిచేవాళ్లకీ బళ్లకీ మధ్య కాస్త దూరం కావాలి. నీడకి చెట్లు కావాలి, ఆ చెట్లకి మట్టి కావాలి. నీటి గొట్టాలూ గ్యాసు గొట్టాలూ పాతడానికి, అవసరమైతే మళ్లీ తవ్వడానికి మెత్తటి జాగా కూడా కావాలి. పార్కుల రూపశిల్పులు ఓమ్‌స్టెడ్, వాక్స్ కలిసి 1870లలో బ్రూక్లిన్‌లో వేయించిన ఈస్టర్న్ పార్క్‌వే, ఓషన్ పార్క్‌వేలు ఈ ఆలోచనకి గొప్ప రూపాలు. 1883లో అదే పనివాడైన హొరేస్ క్లీవ్‌ల్యాండ్ మిన్నియాపొలిస్‌కి పార్కులనీ చెట్లదారులనీ కలిపి ఒక పెద్ద ప్రణాళిక గీసిచ్చాడు. ఆ గొప్ప దారుల నమూనాయే చిన్నదై, కొత్త పేటల్లో ప్లాట్లు వేసే ప్రతివాడి చేతిలో నాలుగడుగుల గడ్డిగా దిగింది.

అప్పుడే ఓ చిన్న ఏర్పాటు కూడా చేసేవారు. ఇంటి ముందు గుర్రపు బండి దిగినవాళ్ల కాళ్లకి గడ్డి తడి అంటకుండా, రోడ్డంచు నుంచి ఫుట్‌పాత్ దాకా పట్టీకి అడ్డంగా రెండుమూడడుగుల రాతి దారి వేసేవారు. పాత పేటల్లో అక్కడక్కడ ఇంకా కనిపిస్తాయి. దిగేవాడు గడ్డి తొక్కుతాడని ఆనాటివాళ్లకి తెలుసు. ఇంటికొక బండి ఆగే కాలం కాబట్టి ఇంటికొక దారి సరిపోయింది.

ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజినీరు 1888లో రిచ్‌మండ్‌లో కరెంటు ట్రాములు నడిపి చూపించాక నగరాలు పట్టాల వెంబడి పాకాయి. ట్రాము ఆగిన మూలమలుపులో మందులషాపు, బేకరీ, చాకలి దుకాణం వెలిశాయి. చాలాచోట్ల ఇళ్ల కోసం గీసిన ప్లాట్లలోనే ఇవి లేచాయి. ఊరి నడిబొడ్డున ఉండే పెద్ద బజారుకైతే గోడ నుంచి రోడ్డంచు దాకా మొదట్నుంచీ రాయే. పేట అంగళ్ల ముందు మాత్రం ఇళ్ల వరస నుంచి వచ్చిన గడ్డిపట్టీ అలాగే సాగిపోయింది. నా లెక్కలో అసలు పొరపాటు ఇక్కడే పడింది. ఆ గడ్డిని అంగడి కోసం ఎవరూ అనుకుని పెట్టలేదు. ఇంటి ముందు గడ్డి అంగడి ముందు కూడా మిగిలిపోయిందంతే. ట్రాము నడిచినన్నాళ్లూ దాని వల్ల పెద్ద ఇబ్బంది లేకపోయింది, ఎందుకంటే జనం ఆగేచోట గుంపుగా దిగి ఫుట్‌పాత్ మీదుగా నడిచి వచ్చేవారు.

కారు వచ్చాక దిగే చోటు వీధి పొడుగునా పరుచుకుంది. 1935 జులై 16న ఓక్లహోమా సిటీలో మొదటి పార్కింగ్ మీటరు నిలబెట్టారు. గంటకి ఐదు సెంట్లు. కార్లు ఒకేచోట పొద్దంతా పడి ఉండకుండా, కొనుగోలుదార్లు వచ్చి పోతూ ఉండాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశం నెరవేరింది. ఆగే జాగా ఒక్కొక్కదాంట్లో రోజుకి ఎన్ని కార్లు మారితే అన్నిసార్లు తలుపు గడ్డి మీదికి తెరుచుకుంటుంది. దిగినవాళ్లు మీటరు దాకా నడుస్తారు, అక్కణ్ణుంచి గుమ్మానికి. ఆ మొదటి పేరాలోని చేటంత బోడినేలకీ వాలు దారికీ పుట్టుక ఇదే.

దీన్ని నిర్లక్ష్యం అని తిట్టిపోయడం తేలిక. కానీ మట్టి స్వభావం తెలిస్తే ఆ మాట అనలేం. తడి మట్టి మీద మొదటి కొద్దిపాటి తొక్కుళ్లే ఎక్కువ నష్టం చేస్తాయి. రేణువుల మధ్య గాలి ఆడే సందులు మూసుకుపోతాయి, వేరు లోపలికి దిగలేదు, నీరు ఇంకదు. దానికి తోడు ఉప్పు. రోడ్ల మీద మంచు కరిగించడానికి ఉప్పు చల్లడం అమెరికాలో 1938లో న్యూ హాంప్‌షైర్‌లో ప్రయోగంగా మొదలై, యుద్ధం తర్వాత అంతటా పాకింది. అందులోని సోడియం బంకమట్టిలో కాల్షియం చోటు కబ్జా చేస్తుంది. రేణువులు గుల్లగా కలిసి ఉండే అల్లిక చెదిరి, పైన అప్పడంలాంటి పొర కడుతుంది. అలాంటి నేల మీద ఏటా కొత్త గడ్డిచాపలు పరచడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. రెండు వానాకాలాలు గడిచేసరికి మళ్లీ అదే బోడినేల.

అయితే ఆ పట్టీని ఇన్నాళ్లు కాపాడింది గడ్డి కాదు, ఎల్మ్ చెట్లు. కొమ్మలు రోడ్డు మీద పందిరిలా కలుసుకునే ఎల్మ్‌ల వరస ఉన్నంతకాలం కింద గడ్డి ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఫర్నిచర్ పని కోసం యూరప్ నుంచి తెప్పించిన ఎల్మ్ దుంగల వెంట డచ్ ఎల్మ్ తెగులు దిగి, 1930లో ఒహాయోలో బయటపడింది. 1944లో క్యుబెక్‌లో కనిపించింది. మిన్నియాపొలిస్‌లో 1977 ఒక్క ఏడే 30 వేలకు పైగా ఎల్మ్‌లు పోయాయి. వాటి బదులు చాలా ఊళ్లు యాష్ చెట్లు నాటాయి. 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో ఆకుపచ్చ తొలుచుపురుగు దొరికాక ఆ యాష్‌లకీ కాలం చెల్లింది. చెట్టు కొట్టేశాక మొద్దు, మొద్దు తీశాక గుంట, గుంట పూడ్చాక కంకర కలిసిన మట్టి. వాదించడానికి ఇక చెట్టు లేదు. ఈ సరికి రాళ్లు పరిచేద్దామన్న మాట సహజంగానే గెలుస్తూ వచ్చింది.

అంగళ్ల వీధిని ఇలా బాగుచేయడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్నకి జవాబు టొరంటోలో దొరుకుతుంది. 1964లో యార్క్‌డేల్ మాల్ తెరిచారు. 1968లో బ్లూర్ వీధి కింద మెట్రో పడమటికి సాగి, పైన ట్రాముల్లో పోయే జనాన్ని నేల కిందికి దించేసింది. బ్లూర్ వెస్ట్ విలేజ్ వర్తకులకి గిరాకీ పడిపోతుందన్న భయం పట్టుకుంది. చందాలు వసూలు చేస్తే సగంమంది ఇవ్వరు, ఇవ్వనివాళ్లకీ లాభం అందుతుంది. అందుకని ఆ మేర అంగళ్లన్నిటి మీదా తప్పనిసరి అదనపు పన్ను వేసి, ఆ సొమ్ము వీధికే ఖర్చుపెట్టే చట్టం అడిగి తెచ్చుకున్నారు. 1970లో ఏర్పడ్డ ఆ సంఘం ప్రపంచంలోనే మొట్టమొదటి వాణిజ్య అభివృద్ధి ప్రాంతం. దీపాలు, బెంచీలు, పూలతొట్లు వచ్చాయి. తర్వాత ఈ పద్ధతి వందల ఊళ్లకి పాకింది.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఒకదానికొకటి కొరుక్కుని కూర్చునే కాంక్రీటు పేవర్లు, అంటే నేల మీద పరిచే దిమ్మెలు, ఈ ఖండంలో అడుగుపెట్టాయి. యుద్ధం తర్వాత ఇటుకలకి కరువొచ్చిన హాలండ్‌లో కాంక్రీటు దిమ్మెలు, ఆపైన జర్మనీలో వంకర అంచుల రకాలు వాడుకలోకి వచ్చాయి. ఇసుక పరుపు మీద పేర్చడం, గొట్టం పగిలితే తీసి మళ్లీ పేర్చుకోవడం. ఈ చివరి మాట కాగితం మీద నిజం. వీధిలో జరిగేది వేరు. తవ్వినవాళ్లు పోతూ పోతూ ఆ గుంటలో నల్లటి తారు పోసి పోతారు. ఎర్రటి పేవర్ల మధ్య ఆ నల్ల అతుకు ఏళ్లతరబడి పుండులా కనిపిస్తుంది.

1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం అమెరికాలో తూకాన్ని ఇంకాస్త అటే జరిపింది. నడిచే ఉపరితలం గట్టిగా, కదలకుండా, జారకుండా ఉండాలంటాయి దాని ప్రమాణాలు. కారు దిగి చక్రాల కుర్చీలో ఆ బురదపట్టీ దాటడం ఎలాగో, రాళ్లు పరచడానికి అడ్డుపడేవాళ్లెవరూ చెప్పలేరు. ఈ ఒక్క వాదన దగ్గర నేనూ రాళ్లవైపే.

ఎదురుగాలి వాననీటి వైపు నుంచి వీచింది. మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో పోయే పాత నగరాల్లో గట్టివాన పడితే ఆ నీళ్లన్నీ నదిలోకి పొంగుతాయి. పట్టీ వెడల్పు మీటరున్నర, పొడుగు వంద మీటర్లు అనుకుంటే, 25 మిల్లీమీటర్ల వానకి దాని మీద పడేది 3,750 లీటర్లు. పోర్ట్‌లండ్ 2003లో సిస్కియూ వీధిలో రోడ్డంచునే ముందుకు జరిపి, వాననీరు ఇంకే మొక్కల మడులు కట్టింది. ఫిలడెల్ఫియా 2011లో పాతికేళ్ల పథకం పెట్టుకుని వీధులనే ఇంకుడు నేలలుగా మార్చే పనికి దిగింది. దాంతో పట్టీ మళ్లీ విలువైన జాగా అయింది. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తొక్కి తొక్కి గట్టిపడ్డ బోడినేల మీద వాన దాదాపు రాతి మీద పడ్డట్టే జారిపోతుంది. పచ్చదనం పేరు చెప్పి ఆ బోడినేలనే కాపాడుకుంటే నదికి ఒరిగేదేమీ లేదు.

తగాదాని కొంత తీర్చే ఉపాయం నేల కింద దొరికింది. చెట్టుకి కావలసింది పైన గడ్డి కాదు, కింద గుల్ల మట్టి. 1990లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నీనా బాసుక్ బృందం కంకరనీ బంకమట్టినీ కలిపి ఒక మిశ్రమం తయారుచేసింది. రాళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని బరువు మోస్తాయి, సందుల్లోని మట్టిలో వేరు పాకుతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ చట్రాలొచ్చాయి. పేవర్ల బరువు చట్రం మోస్తుంది, లోపల మట్టి వదులుగానే ఉంటుంది. మిన్నియాపొలిస్ 2009లో మార్కెట్ (Marquette) అవెన్యూ, రెండో అవెన్యూల్లో వీటిని వాడింది. టొరంటో బ్లూర్-యార్క్‌విల్ దగ్గర గ్రానైటు పరిచిన ఫుట్‌పాత్ కింద ఇవే పెట్టారు. ఒక పెద్ద చెట్టుకి 30 ఘనమీటర్ల మట్టి ఉండాలని టొరంటో ప్రమాణం చెబుతుంది. పాతకాలపు నాలుగడుగుల చదరపు గుంటలో, మీటరు లోతు తవ్వినా, ఘనమీటరున్నర కూడా పట్టదు. అందుకే ఇప్పుడు నక్షాల మీద జరిగే అసలు బేరం పేవరు రంగు మీద కాదు, ఆ గుంట కొలత మీద.

బేరం తెగినా బిల్లు మిగులుతుంది. ఈ పట్టీ నగరానిది, కానీ చాలా ఊళ్లలో గడ్డి కోయించాల్సింది పక్క స్థలం యజమాని. యజమాని ఎక్కడో ఉంటాడు, అంగడి నడిపేది అద్దెదారు, కాబట్టి కోత ఎవరిదో తేలేలోపు గడ్డే ఉండదు. రాళ్లు పరిచినప్పుడు చాలాచోట్ల ఖర్చులో వాటాని రోడ్డు వైపు ముఖం ఎన్ని అడుగులుంటే అన్ని అడుగుల లెక్కన యజమానుల మీద వేస్తారు. సన్నగా లోపలికి సాగిన అంగడికి తక్కువ పడుతుంది. మూల అంగడికి రెండు వీధుల వైపూ ముఖమే. సభలో అందరికంటే ముందు చెయ్యెత్తేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.