సంక్రాంతి సున్నం గోడకు ఎలా పడుతుంది

పొయ్యి లేదు, కట్టెలు లేవు, అయినా డ్రమ్ములో నీళ్లు కుతకుత ఉడికేవి. ధనుర్మాసం వచ్చిందంటే మా పెరట్లో ఏటా ఇదే తంతు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన సున్నం రాళ్లను నాన్న పాత ఇనప డ్రమ్ములో వేసి, బిందెలతో నీళ్లు పోసేవారు. ఒకటి రెండు నిమిషాలు చడీచప్పుడూ ఉండదు. ఆ తర్వాత రాళ్లు పటపటా పగిలేవి, తెల్లటి ఆవిరి లేచేది, డ్రమ్ము అంచు మీద చెయ్యి పెడితే కాలేది. పిల్లలం దగ్గరికి రాకుండా అమ్మ కాపలా ఉండేది.

వానలు వెనకబట్టాక ఇంటికి చేయాల్సిన పనులు చాలానే ఉంటాయి. డాబా తూముల్లో ఇరుక్కున్న ఆకులు తీయాలి, పిట్టగోడ పగుళ్లు పూడ్చాలి, బూజు దులపాలి. వీటిని తీరిక దొరికిన ఏ పూటైనా కానిచ్చేయవచ్చు. సున్నం అలా కాదు. కుంచె పక్కన పెట్టాక కూడా గోడ మీద రోజుల తరబడి రసాయన చర్య సాగుతూనే ఉంటుంది. దానికి తగిన వాతావరణం కుదరాలి. మన ప్రాంతంలో అది మార్గశిర, పుష్య మాసాల్లో కుదిరినంత బాగా మరెప్పుడూ కుదరదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు రాయి సంగతి చూద్దాం. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. పులికాట్ ఒడ్డున దొరికే గుల్లలూ అదే పదార్థం. దాన్ని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ విడిపోయి పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు వేస్తే 44 కిలోలు గాలిలో కలిసిపోతుంది, చేతికి వచ్చేది 56 కిలోలే. పైకి రాయి రాయిలాగే కనిపిస్తుంది గానీ, చేత్తో ఎత్తితే తేలిపోతుంది. దానికి నీళ్లు తగిలితే తడిసున్నంగా, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. అప్పుడు కిలో పొడిసున్నం నుంచి పుట్టే వేడి మూడు లీటర్ల పైచిలుకు మంచినీళ్లను మరిగించగలదు. ప్లాస్టిక్ బకెట్‌లో సున్నం తడపకూడదనేది ఇందుకే.

ఆ వేడి ఎక్కడిదంటే, బట్టీలో పెట్టిన మంటదే. రాయిని విడగొట్టడానికి ఖర్చయిన వేడిలో మూడో వంతుకు కాస్త ఎక్కువే డ్రమ్ములో తిరిగొస్తుంది. మిగిలింది గోడ మీద తిరిగొస్తుంది, మన చేతికి తెలియనంత నిదానంగా. గోడకు పూసిన తడిసున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. బట్టీలో రాయి పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి సంపాదించుకుంటుందన్నమాట. బట్టీలో మండించిన బొగ్గు పొగ మాత్రం తిరిగి రాదు, అది వేరే లెక్క. సున్నం పూత అంటే రంగు కాదు, గోరు మందం కూడా లేని రాతిపొర. మనం దాన్ని గోడ మీదే తయారు చేసుకుంటున్నాం.

రాయి కావడానికి ఒక షరతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లకు నాలుగు పాళ్లే ఉంటుంది. ఆ కొంచెమూ ముందు పూతలోని సన్నటి నీటి పొరలో కరగాలి, సున్నమూ ఆ నీటిలోనే కరగాలి, రెండూ అక్కడ కలుసుకోవాలి. నీళ్లు బొత్తిగా లేకపోతే చర్య ఆగిపోతుంది. మరీ ఎక్కువైతే గోడ రంధ్రాలన్నీ నిండిపోయి గాలికి దారి ఉండదు. ఈ వాయువు గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో పాకే వేగం దాదాపు పదివేల రెట్లు తక్కువ. కాబట్టి గోడ తడిగానూ ఉండకూడదు, ఎండిపోనూ కూడదు. గాలిలో తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉంటే చర్య చురుగ్గా సాగుతుంది.

ఇప్పుడు మన ఏడాదిని ఒకసారి తిరగేయండి. మే నెలలో, రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో సున్నం వేస్తే నిమిషాల్లో నీరు ఎగిరిపోతుంది. రాయి కాకముందే ఎండిన సున్నం పొడిగానే ఉండిపోతుంది. ఆ గోడకు ఆనుకుంటే చొక్కా వీపంతా తెల్లబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరు, నవంబరుల్లో కోస్తాకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. గోడ పీల్చుకున్న చెమ్మ వదలడానికి ఇంకో నెల కావాలి. డిసెంబరు మూడో వారానికి గోడ లోపల ఆరి ఉంటుంది, ఎండ మెత్తబడి ఉంటుంది. రాత్రి మంచు దిగి పూతను సన్నగా తడుపుతుంది, పగలు మళ్లీ ఆరుతుంది. ఈ తడవడం, ఆరడం ఒకదాని వెంట ఒకటి జరిగే కొద్దీ సున్నం గట్టిపడుతుంది. ఇంకో విశేషం కూడా ఉంది. పంచదార వేడినీళ్లలో బాగా కరుగుతుంది, సున్నం దానికి తిరగబడి చల్లటి నీళ్లలోనే ఎక్కువ కరుగుతుంది. కార్బన్ డయాక్సైడూ అంతే. నీళ్లు గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో మాత్రం చలికాలంలో సున్నం వేయరు. పూతలోని నీరు మంచుగడ్డై దాన్ని పొడిపొడి చేస్తుంది. మన కోస్తా రాత్రులకు ఆ బెడద లేదు.

పెద్దలు ఈ లెక్కలు వేసుకుని ముహూర్తం పెట్టారని నేననను. కోతలై, ధాన్యం ఇంటికొచ్చి, చేతిలో నాలుగు డబ్బులూ చేతులకు కాస్త తీరికా ఉండే రోజులవి. అసలు కారణం అదే అయుంటుంది. కానీ సున్నం వేసే మనిషికి చేతి అనుభవం ఉంది. మా ఇంటికి వచ్చే ఆయన తూర్పు గోడను మధ్యాహ్నం, పడమటి గోడను పొద్దున పట్టుకునేవాడు. కుంచె పెట్టే ముందు గోడ మీద నీళ్లు చిలకరించేవాడు. చిక్కగా ఒక్కసారి కాదు, పల్చగా మూడుసార్లు వేసేవాడు. పూత పల్చగా ఉంటేనే గాలి అడుగుదాకా చేరుతుందనే సంగతి ఆయన ఇంకో మాటలో చెప్పేవాడు: "చిక్కగా ఏస్తే పెచ్చులూడుద్దయ్యా."

వేసేటప్పుడు ఆ పూత నీళ్లలా ఉంటుంది, వెనకటి మరకలన్నీ కనిపిస్తూనే ఉంటాయి. డబ్బులు దండగయ్యాయేమోనని చిన్నప్పుడు దిగులుపడేవాణ్ని. మర్నాటికి గోడ తెల్లగా మెరిసేది. తడిగా ఉన్నప్పుడు సున్నం రేణువుల సందుల్లో నీరుంటుంది. నీటికీ సున్నానికీ వక్రీభవన గుణకాల్లో, అంటే వెలుగును వంచే గుణంలో తేడా తక్కువ కాబట్టి వెలుగు పెద్దగా చెదరకుండా లోపలికి పోతుంది. ఆరాక ఆ సందుల్లోకి గాలి చేరుతుంది. గాలికీ సున్నానికీ తేడా ఎక్కువ, వెలుగు అన్ని వైపులకూ చెదురుతుంది. అదే తెలుపు. కాస్త నీలిమందు కలిపేది మిగిలిన పసుపుఛాయను చంపడానికి.

ఒకసారి రాయైతే ఏటా మళ్లీ ఎందుకు వేయాలి? వానాకాలంలో గోడకు పట్టిన బూజు (ఫంగస్) వల్ల. తడిసున్నం పీహెచ్ (క్షారగుణాన్ని చెప్పే కొలత) 12కు పైనే, అంతటి క్షారంలో బూజు బతకలేదు. కానీ సున్నం రాయిగా మారే కొద్దీ పీహెచ్ 8, 9 దగ్గరికి దిగిపోతుంది, కాపలా బలం తగ్గుతుంది. కొత్త పూత వేస్తే ఆ బలం తిరిగొస్తుంది. ఆ క్షారమే కంటికి ప్రమాదం. తడిసున్నం కంట్లో పడితే నలపకుండా, వెంటనే ధారగా మంచినీళ్లు కనీసం ఇరవై నిమిషాలు పోస్తూ కడగాలి, ఆపైన ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సున్నం తడిపే చోట పిల్లలు ఉండకూడదు. కంటికి రక్షణ ఇచ్చే కళ్లద్దాలు పెట్టుకోకుండా పెద్దలు కూడా ఉండకూడదు.

పాత మట్టి గోడలకూ, డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలకూ ప్లాస్టిక్ పెయింటు వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ గోడలు నేలలోంచి చెమ్మ పీల్చి, పైనుంచి ఆవిరిగా వదులుతుంటాయి. సున్నం పూత ఆవిరికి దారి ఇస్తుంది. ప్లాస్టిక్ పొర అంత సులువుగా ఇవ్వదు. లోపల చిక్కుకున్న తడి, దానితో వచ్చిన లవణాలు కలిసి పెయింటును బుడగలుగా లేపి, గోడను లోపలినుంచే తినేస్తాయి. సిమెంటు గోడల కొత్త ఇంటికి మీ ఇష్టం. తాతల నాటి ఇంటికి మాత్రం సున్నమే మేలని నా గట్టి నమ్మకం. ఒకసారి ప్లాస్టిక్ పెయింటు వేశాక మళ్లీ సున్నానికి రావాలంటే మొత్తం గీకించాల్సిందే, ఆ పొర మీద సున్నం నిలవదు.

సున్నం రాయైందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తున్నాయా? పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడేది క్షారం వల్ల. పోయినేడు సున్నం వేసిన మర్నాడు తలుపు వెనక మూలన పసుపునీళ్లు ఒక చుక్క అద్దాను, కుంకుమలా ఎర్రబడింది. భోగినాడు పక్కనే ఇంకో చుక్క అద్దితే ఇటుకరంగు వచ్చింది. రథసప్తమికి మూడో చుక్క అద్దాను. అది పసుపుగానే ఉండిపోయింది.