నమీబియాలో సొంతంగా బండి నడుపుకుంటూ సఫారీ: అపోహలు – వాస్తవాలు

"అక్కా, రాత్రంతా నిద్ర పట్టలేదు. సింహం వచ్చి కారు అద్దం పగలగొడితే ఏం చెయ్యాలి?"

నమీబియా ట్రిప్ బుక్ చేసుకున్న తెలుగువాళ్ల నుంచి నాకొచ్చే మొదటి మెసేజ్ దాదాపు ఎప్పుడూ ఇదే. రెండోది ఏనుగుల గురించి, మూడోది పాముల గురించి. పదకొండేళ్లుగా నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో ఉండి సెల్ఫ్ డ్రైవ్ సఫారీలు ప్లాన్ చేస్తున్నాను. అద్దె బండి చేతికిచ్చే రోజు యార్డులో పక్కన నిలబడి ఒక్కొక్కటీ చూపించి పంపుతాను. ఇన్నేళ్లలో "టైర్లలో గాలి ఎంత ఉంచాలి?" అని తమంతట తాము అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

భయపడేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని, ముక్కూమొహం తెలియని దేశంలో, గంటసేపు వెళ్లినా మనిషి కనబడని దారుల్లో తిరగాలంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. నాకు కోపం వచ్చేది వీడియోలు ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద. ఏ దేశంలోదో, ఎప్పటిదో తెలియని సింహం క్లిప్ ఒకటి పంపి, కింద "జాగ్రత్త" అని రాసి ఊరుకుంటారు. దాంతో వీళ్ల భయమంతా సింహం మీదకి పోతుంది. నిజంగా భయపడాల్సిన చోట నిశ్చింతగా యాక్సిలరేటర్ తొక్కుతారు.

అపోహ: ఫోర్ బై ఫోర్ కదా, కంకర రోడ్డు మీద వందలో వెళ్లినా ఏం కాదు

ఈ ఒక్కటి మనసుకెక్కితే మిగతాది చదవకపోయినా పర్వాలేదు.

నమీబియాలో 'బి' రోడ్లు చాలావరకు తారు. 'సి' రోడ్లలో కొన్ని తారు, కొన్ని కంకర. 'డి' రోడ్లు దాదాపు అన్నీ కంకరో మట్టో. కంకర మీద చట్టం అనుమతించే గరిష్ఠ వేగం 100. ఆ అంకె చూసి వంద వెళ్లొచ్చనుకుంటారు. అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఒప్పందంలో 80 అని రాస్తారు, బండిలో వేగం నమోదు చేసే ట్రాకర్ కూడా పెడతారు. నేను చెప్పేది ఇంకా తక్కువ: 60 నుంచి 70. మలుపుల్లో, ఎత్తు ఎక్కి దిగేచోట అంతకంటే కిందకి.

ఎందుకంటే ఆ రోడ్డు పైపొర అంతా వదులు రాళ్లు. నున్నటి నేల మీద గోళీలు పరిచి వాటి మీద పరిగెత్తమంటే ఎలా ఉంటుందో టైరుకి అలా ఉంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందితే ఇసుకలోంచి బయటపడొచ్చు, తిన్నగా వెళ్లేటప్పుడు కాస్త నిలకడ కూడా వస్తుంది. కానీ బండిని ఆపేది టైరుకీ నేలకీ మధ్య ఉన్న పట్టు. ఆ పట్టు చిన్న కారుకెంతో మన పెద్ద బండికీ అంతే. పైగా మన బండికి నెత్తిన టెంటు, వెనక ఫ్రిజ్, నీళ్ల డబ్బాలు, రెండు స్టెప్నీలు. బరువు ఎత్తులో ఉన్న బండి పక్కకి జారితే పల్టీ కొట్టడానికి ఎంతోసేపు పట్టదు. వేగం 60 నుంచి 80కి పెరిగితే, బ్రేకు తొక్కాక ఆగడానికి పట్టే దూరం దాదాపు 1.8 రెట్లవుతుంది. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది కదా అంటారు. వదులు కంకర మీద ఏబీఎస్ వల్ల ఆ దూరం ఇంకాస్త పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇంకో మాట కూడా చెవుల్లో పడుతుంటుంది: "80 దాటించు, కుదుపు తెలియదు." ఈ రోడ్ల మీద అడ్డంగా చిన్న చిన్న అలల్లా గట్లు లేస్తాయి. నెమ్మదిగా వెళ్తే పళ్లు కదిలిపోయేలా ఊపుతాయి, వేగం పెంచితే నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ హాయి ఎందుకంటే, టైరు ఒక గట్టు నెత్తి మీంచి ఇంకో గట్టు నెత్తి మీదకి ఎగురుతూ పోతోంది, నేలని సరిగ్గా తాకడమే లేదు. నేలని తాకని టైరుకి స్టీరింగ్ ఏం చెబుతుంది, బ్రేకు ఏం చెబుతుంది? దయచేసి ఆ కుదుపుని భరించండి.

కొన్నేళ్ల కిందట ఒక జూలైలో ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన అమ్మగారు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నారాయన, ఎక్కడా చిన్న గీత కూడా పడనివ్వలేదు. యార్డులో నేను కంకర గురించి చెబుతుంటే మర్యాదగా తలూపుతూ ఫోన్‌లో దారి చూసుకుంటున్నారు. ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఏనుగులు రోడ్డు మీదకి వచ్చేస్తాయా అక్కా?" అని మూడుసార్లు అడిగింది.

మూడో రోజు ఔట్జోలో బయల్దేరడం ఆలస్యమైంది. ఖోరిక్సాస్ దాటాక తారు అయిపోయి సీ39 కంకర మొదలవుతుంది. చీకటి పడేలోపు పాల్మ్‌వాగ్ చేరాలి, మ్యాప్ చెప్పిన టైము ఎప్పుడో దాటిపోయింది. ఆయన వేగం పెంచారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి రోడ్డు మీద అంతా రాసిపెట్టినట్టే ఉంది. అడుగుజాడలు చదివే ట్రాకర్లతో తిరిగినదాన్ని, ఆ జాడ చదవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. ముందు ఎడమ చక్రాలు రోడ్డు అంచున గట్టులా పేరుకున్న వదులు కంకరలోకి దిగాయి. భయంతో స్టీరింగ్ కుడికి లాగారు, వెనక చక్రాలు వెడల్పుగా విసిరినట్టు గీత గీశాయి. మళ్లీ ఎడమకి లాగారు, ఈసారి గీత ఇంకా వెడల్పు. ఆ తర్వాత గీతే లేదు, నేలలో గుంట ఉంది, గాజు పెంకులున్నాయి. గుంట పక్కన పిల్లల రంగు పెన్సిళ్ల డబ్బా తెరుచుకుని పడి ఉంది. చుట్టూ వంద అడుగుల మేర వెతికాను. ఒక్క జంతువు అడుగు కూడా లేదు.

నలుగురికి గీతలూ దెబ్బలతో పోయింది. పెద్దావిడ నడుం నొప్పని వెనక సీట్లో బెల్టు తీసి వాలారట. భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగి, విండ్‌హుక్ ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నారు. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. వేరే బండి వచ్చేదాకా గంటకు పైగా ఆవిడ తలని కోడలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "దారంతా సింహం వస్తుందని అద్దాలు దించనివ్వలేదక్కా, స్పీడు గురించి ఒక్క మాట అనలేదు" అని నాతో అంటూ ఏడ్చింది. దాదాపు 8,25,000 చదరపు కిలోమీటర్ల దేశం, జనాభా 30 లక్షలు. సాయం రావడానికి టైము పడుతుంది, అది ఎవరి తప్పూ కాదు.

కాబట్టి ఏం చెయ్యాలి? తారు అయిపోయి కంకర మొదలైనచోట బండి పక్కకి ఆపండి. అద్దెకిచ్చినవాళ్లు చెప్పిన లెక్క ప్రకారం టైర్లలో గాలి తగ్గించండి. టైరు కాస్త మెత్తబడి నేలని వెడల్పుగా పట్టుకుంటుంది, వాడి రాళ్లకి చీలడమూ తగ్గుతుంది. గేజి, కంప్రెసర్ బండిలో ఉన్నాయో లేదో, పనిచేస్తున్నాయో లేదో యార్డులోనే చూసుకోండి. తారెక్కగానే మళ్లీ గాలి పట్టండి, మర్చిపోవద్దు. ఎదుటి బండి వస్తుంటే ఎడమకి జరిగి వేగం బాగా తగ్గించండి, దుమ్ములో కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. పగలు కూడా లైట్లు వేసే ఉంచండి. బండి జారినట్టనిపిస్తే బ్రేకు మీద కాలు పెట్టొద్దు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, వెళ్లాల్సిన వైపే చూస్తూ కొంచెం కొంచెంగా తిప్పండి. జంతువు అడ్డొస్తే తిన్నగానే ఉండి బ్రేకు వెయ్యండి, స్టీరింగ్ పక్కకి తిప్పొద్దు. ప్రాణిని తప్పించబోయి బండి పల్టీ కొట్టించుకున్నవాళ్లను చూశాను కాబట్టి గుండె రాయి చేసుకుని చెబుతున్నాను. వెనక సీట్లో పడుకున్నవాళ్లకు కూడా బెల్టు ఉండాల్సిందే.

అపోహ: మ్యాప్‌లో నాలుగు గంటలే చూపిస్తోంది

వేగం తప్పు ఇక్కడే మొదలవుతుంది. నా లెక్క సింపుల్: కంకర మీద గంటకి 50 కిలోమీటర్లు, అందులోనే ఫొటోలు, టీ, పంక్చరు. జూన్, జూలైల్లో ఆరుంబావు దాటితే సూర్యుడు కుంకుతాడు, ఆ వెంటనే చీకటి. జంతువుల్ని చూడ్డానికి వెళ్లే ఎటోషా పార్కు గేట్లు సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు, లోపలి క్యాంపులవీ అంతే. ఆ గేటు భయంతోనే మనవాళ్లు ఆఖరి గంటలో పరుగులు పెడతారు. రెండు గంటలు ముందు బయల్దేరితే ఆ ఆఖరి గంట పరుగే ఉండదు.

అపోహ: ఆలస్యమైతే రాత్రి నడిపేద్దాం, ట్రాఫిక్ ఉండదు కదా

వద్దు. మునిమాపు వేళ కుడు దుప్పులు రోడ్డు పక్క పొదల్లోంచి ఒక్క ఉదుటున దూకుతాయి. మగది 200 కిలోలు దాటి ఉంటుంది, తగిలితే సరిగ్గా అద్దంలోకే వస్తుంది. చాలా ఒప్పందాల్లో రాత్రి పూట, ఊళ్ల బయట ప్రమాదమైతే ఇన్సూరెన్స్ వర్తించదు కూడా.

అపోహ: ఫుల్ కవర్ తీసుకున్నాం

"ఫుల్" అన్న మాటని నమ్మకండి, షరతుల కాగితం చదవండి. ఇంకో బండి ప్రమేయం లేకుండా మీ బండే పల్టీ కొడితే వర్తిస్తుందా? టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం ఉన్నాయా? వేగం దాటినట్టు ట్రాకర్‌లో కనబడితే ఏమవుతుంది? ఈ మూడూ సంతకానికి ముందే అడగండి. లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తెచ్చుకోండి.

అపోహ: ఎటోషాలో సింహాలు కార్ల మీద పడతాయి

పడవు. బండిలో ఉన్నంతసేపూ మీరు దానికి ఒక పెద్ద వస్తువు, అంతే. దిగితేనే ప్రమాదం. కంచె ఉన్న చోట్ల తప్ప దిగొద్దు, కిటికీలోంచి నడుం దాకా బయటికి వాలొద్దు. ఏనుగు విషయంలో మాత్రం మర్యాద పాటించాలి. తల్లికీ పిల్లకీ మధ్య బండి పెట్టకండి. చెవులు విప్పి, తల ఊపుతూ మీవైపు తిరిగిందంటే హారన్ కొట్టకుండా నెమ్మదిగా వెనక్కి రండి. దారి దానిది.

అపోహ: ఎంత తిరిగితే అన్ని జంతువులు

ఎటోషాలో వేగం 60కి మించకూడదు. పార్కు లోపల ఒకాకుయో క్యాంపు నుంచి నాముటోని క్యాంపు దాకా సుమారు 140 కిలోమీటర్లకే రోజంతా పడుతుంది. వానలు పడని నెలల్లో నీళ్లు కొద్ది గుంటల్లోనే ఉంటాయి, జంతువులే అక్కడికి రావాలి. ఒక గుంట దగ్గర ఇంజన్ ఆపి రెండు గంటలు కూర్చోండి. ఆ ఎండు రోజుల్లో పార్కు ముఖ్య దారులకి మామూలు కారు కూడా సరిపోతుంది.

ఒకాకుయో క్యాంపులో గుంట పక్కనే రాతి గోడ ఉంటుంది, రాత్రంతా లైట్లుంటాయి. స్వెట్టర్ వేసుకుని ఆ గోడ వెనక బెంచీ మీద కూర్చుంటే చాలు. ఒకసారి అక్కడ నల్ల ఖడ్గమృగం ఒకటి పిల్లతో వచ్చింది. అది నీళ్లు పీల్చే చప్పుడు మా బెంచీ దాకా వినబడింది. పిల్ల నీళ్లలో తన నీడని చూసి రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చింది. నా పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల పాప అరగంట సేపు ఊపిరి బిగబట్టినట్టే ఉండిపోయింది. ఆ రోజు మేం నడిపింది మొత్తం 40 కిలోమీటర్లు.

ఈ సీజన్‌కి ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు చూడాల్సిన జంతువుల జాబితా నాకు తర్వాత పంపండి. ముందు ఏ రోజు ఏ రోడ్డు నంబరు మీద వెళ్తారు, ఎన్ని కిలోమీటర్లు, పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు, ఎవరు నడుపుతారు, ఇవి రాయండి. ఏ రోజైనా కంకర 250 కిలోమీటర్లు దాటిందంటే ఆ రోజుని రెండుగా విడగొట్టి తిప్పి పంపుతాను.