పాటలోని భావం పసిపిల్లలకు ఎలా అందుతుంది?

ఒక పాట ఉత్సాహంగా ఉందనో దిగులుగా ఉందనో పెద్దలు క్షణంలో చెప్పగలరు గాని, ఆ నేర్పు పసితనంలో మెట్టుమెట్టుగా అలవడినదని చాలామంది గమనించరు. కెనడాలో సిమోన్ దల్లా బెల్లా, ఇసబెల్ పెరెట్జ్, వారి సహచరులు మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు సంగీత శకలాలను వినిపించి, ఒక్కొక్కటి సంతోషంగా ఉందో విచారంగా ఉందో చెప్పమన్నారు. 2001లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మూడు, నాలుగేళ్లవారు రెండింటికీ తేడా పట్టలేకపోయారు. అయిదేళ్లవారు కేవలం పాట నడిచే వేగాన్ని బట్టి చెప్పారు. ఆరేళ్లు దాటినవారు మాత్రమే పెద్దల మాదిరిగా పాశ్చాత్య సంగీతంలోని మేజర్, మైనర్ అనే స్వరశ్రేణుల తేడాను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఈ రెండు శ్రేణులు వరుసగా మన కర్ణాటక సంగీతంలోని శంకరాభరణ, నటభైరవి మేళాల (మూల రాగాల) స్వరాలకు సరిపోతాయి. తేడాలో కీలకం గాంధారం, అంటే సరిగమల్లోని 'గ'. వయసు విషయంలో అధ్యయనాలన్నీ ఏకీభవించవు: 1990 నాటి ఒక పరిశోధనలో మూడేళ్లవారు సైతం మేజర్‌ను సంతోషంతో జతపరిచారు.

వేగం ముందుగా అందడానికి కారణం మనిషి గొంతులో ఉందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. సంబరంలో ఉన్నవారు త్వరత్వరగా, బిగ్గరగా, హెచ్చు స్థాయిలో (పై స్వరంలో) మాట్లాడతారు. దిగులుపడినవారి మాట నెమ్మదించి, గొంతు తగ్గుతుంది. ఈ తేడాలను బిడ్డ ఉయ్యాలలో ఉన్ననాటి నుంచీ వింటూనే ఉంటుంది. స్వరశ్రేణి పలికించే భావం మాత్రం తాను పెరిగే సమాజపు సంగీతం ఎంతో కొంత చెవిన పడితేగాని ఒంటబట్టదు. హిందుస్తానీ సంగీతంతో పరిచయం లేని శ్రోతలకు బాల్క్‌విల్, థాంప్సన్ అనే పరిశోధకులు రాగాలు వినిపించినప్పుడు, వారు సంతోషాన్నీ విచారాన్నీ కోపాన్నీ పోల్చుకోగలిగారు గాని, శాంతాన్ని పోల్చుకోలేకపోయారు. అందుచేత కరుణకు ఫలానా రాగం, ఉత్సాహానికి ఫలానా రాగం అంటూ చెవికి పని చెప్పకముందే చిన్నపిల్లల చేత పట్టికలు అప్పజెప్పించడం నా దృష్టిలో తొందరపాటే.

పిల్లలకు మరో అడ్డంకి సాహిత్యం. అయిదు నుంచి పదేళ్ల పిల్లలు పాడేవారి మనోభావాన్ని గొంతును బట్టి కాక పాటలోని మాటలను బట్టి నిర్ణయిస్తారనీ, అర్థంలేని అక్షరాలతో పాడితే అదే పిల్లలు గొంతులోని భావాన్ని పట్టుకుంటారనీ మోర్టన్, ట్రెహబ్ 2007లో చూపారు. కాబట్టి ఇంట్లోగాని, అంగన్‌వాడీలోగాని చేయదగిన మొదటి పని మాటలను తీసివేయడం: బిడ్డకు బాగా వచ్చిన పాటనే "లలలా" అంటూ ఒకసారి గబగబా, మరొకసారి సాగదీసి పాడి, రెండింటిలో ఏది ఎలా ఉందో అడగవచ్చు. ఒకసారికి ఒక్క లక్షణాన్నే మార్చాలి, లేకుంటే బిడ్డ దేనికి స్పందించిందో మనకు తెలియదు. యూట్యూబ్‌లో వేగం తగ్గించినా శ్రుతి మారదు కనుక, పాడటానికి మొహమాటపడే పెద్దలకు అదీ పనికొస్తుంది.

వినడం కన్నా చేయించడం మేలు. అదాచి, ట్రెహబ్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలు, వినేవారికి సంతోషం కలిగేలా పాడమంటే వేగమూ గొంతూ స్థాయీ పెంచారు, విచారం కలిగేలా పాడమంటే తగ్గించారు. ఇంకా మాటలు కుదరని వయసువారికి బూన్, కన్నింగ్‌హామ్ ఎంచుకున్న దారి నాకు బాగా నచ్చింది: వారు నాలుగైదేళ్ల పిల్లల చేతికి ఎలుగుబంటి బొమ్మనిచ్చి, సంగీతానికి తగినట్టు ఆడించమన్నారు. భావం పేరు చెప్పవలసిన పని లేకుండానే, విన్నది చేతి కదలికలోకి వచ్చేస్తుంది.

కోపాన్నీ భయాన్నీ సంగీతంలో పిల్లలే కాదు, పెద్దలు కూడా తరచు తారుమారు చేసుకుంటారు. కోపంగా మోగే డప్పు వినేవారికి భయం పుట్టించవచ్చు గనుక దాన్ని తప్పనడానికీ లేదు. అందుకే "ఈ పాట ఎలా ఉంది?" అన్న ప్రశ్ననూ, "వింటుంటే నీకెలా ఉంది?" అన్న ప్రశ్ననూ విడివిడిగా అడగాలి. దిగులు పాటను విని "నాకు బాగుంది" అన్న బిడ్డ రెండో ప్రశ్నకు సరిగానే జవాబిచ్చింది.