విక్టోరియా సరస్సు నుంచి మన చెరువు కట్ట దాకా

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఒకప్పుడు హాప్లోక్రోమిన్లు అనే చిన్న చేపలు దాదాపు 500 జాతులు ఉండేవి. వాటిలో కొన్ని నాచు తినేవి, కొన్ని అడుగున పేరుకున్న కుళ్లును తినేవి, కొన్ని నత్తలను నమిలేవి. మంచి ధర పలికే పెద్ద చేప కావాలని 1950లలో, 60లలో అక్కడ నైల్ పెర్చ్‌ను వదిలారు. రెండు మీటర్ల దాకా పెరగగల ఈ వేటచేప చాలాకాలం అణగి ఉండి, 1980లలో ఒక్కసారిగా విజృంభించింది. సుమారు 200 చిన్న చేపల జాతులు కనుమరుగయ్యాయని అంచనా.

ఎగుమతులు పెరిగి ఎందరికో ఉపాధి దొరికిన మాట నిజమే. కానీ నష్టం చేపలతో ఆగలేదు. నాచు తినేవి తగ్గిపోయిన కాలంలోనే పొలాల నుంచి, ఊళ్ల నుంచి పోషకాలు కొట్టుకొచ్చాయి. నాచు దట్టంగా పెరిగి, చచ్చి, అడుగున కుళ్లుతూ లోతు నీటిలోని ఆక్సిజన్‌ను హరించింది. నిల్వ ఉంచడానికి చిన్న చేపలను ఎండబెడితే సరిపోయేది. కొవ్వు ఎక్కువగా ఉండే నైల్ పెర్చ్‌కు పొగ పెట్టాలి, పొగకు కట్టెలు కావాలి. అందుకోసం ఒడ్డున చెట్లు నరికితే, వదులైన మన్ను వానకు మళ్లీ సరస్సులోకే చేరింది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవి చాలావరకు కట్ట కట్టి నీరు నిలిపిన చెరువులు కనుక ఇక్కడి ప్రమాదం మరో రకంగా ఉంటుంది. 1952లో దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా గుడ్లను నోట్లోనే పొదిగి, త్వరత్వరగా సంతతిని పెంచుకుంటుంది. దొరికినదల్లా తినే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లోనే నిషేధించినా దొంగచాటుగా సాగుతూనే ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం అక్వేరియం అద్దాల మీది నాచును తింటుందని కొనే దక్షిణ అమెరికా సక్కర్ చేప. ఒళ్లంతా ఎముక పలకలు, పొట్టవైపు గుండ్రటి నోరు, నీటిలో ఆక్సిజన్ తగ్గినా పైకొచ్చి గాలి పీల్చి బతికే శక్తి దానికున్నాయి. వలలో పడితే దాని ముళ్లు వలను చింపుతాయి, పట్టినా కొనేవారు ఉండరు. గుడ్ల కోసం అది గట్టులో బొరియలు తవ్వుతుంది; మట్టికట్టే ప్రాణమైన చెరువుకు ఇంతకంటే చేటు ఏముంటుంది? తొట్టెలో పట్టనంత పెరిగాక పారేయలేక, చంపలేక జాలితో చెరువులో వదిలేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

నీటిలో మిగిలే డీఎన్ఏ ఆనవాళ్లను బట్టి, చేపను పట్టకుండానే దాని ఉనికిని కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీటివనరుల్లో సక్కర్ చేప కోసం వాడారు. తొలిదశలోనే తెలిస్తే ఎండాకాలం నీరు తగ్గినప్పుడు వల వేసి కొంతైనా ఏరివేయవచ్చు. గట్టు నిండా బొరియలు పడ్డాక ఆ వీలు ఉండదు.